కరోనా కారు

కరోనా కారు 2020 ఏప్రిల్‌లో హైదరాబాదులో తయారైన ఒక ప్రచార వాహనం. కోవిడ్-19 వ్యాధిని కలిగించే వైరసు ఆకారంలో ఉన్న ఈ వాహనాన్ని సుధా కార్స్ మ్యూజియం స్థాపకుడు కె. సుధాకర్ యాదవ్ సొంత చొరవతో రూపొందించాడు. వ్యాధి వ్యాపిస్తున్న కాలంలో ప్రజలు ఇల్లు విడిచి బయటకు రాకూడదని గుర్తుచేయుటయే దీని ఉద్దేశ్యం.

నేపథ్యం

తెలంగాణలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడినది. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. మార్చి 25 నుండి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ మొదలైనది. అప్పటికి టీకా లేదు. వ్యాధి వ్యాప్తిని తగ్గించుటకు ప్రజల నడవడియే ముఖ్య సాధనం. అయితే కంటికి కనిపించని దానికోసం పని మానుకొని ఇంట్లో ఉండమంటే, ముఖ్యంగా రోజు కూలీపై బ్రతికే వారికి, నమ్మకం కలుగుట కష్టం. వైరసుకు ఒక రూపం కల్పించి చూపవలసిన అవసరం ఇక్కడే ఏర్పడినది.

రూపకర్త

సుధాకర్ వింత ఆకారాల వాహనాలకు ప్రసిద్ధుడు. 2005లో ఇతడు హైదరాబాదులో నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు గల మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డులకెక్కినది. 2010లో బహదూర్‌పురాలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సమీపంలో, మ్యూజియం ప్రారంభించాడు. క్రికెట్ బ్యాటు, కలం, వంకాయ, చేతిసంచి మొదలైన ఆకారాలలో వాహనాలు అక్కడ కలవు. ఆరోగ్య ప్రచారం కూడా ఇతనికి కొత్త కాదు. పొగత్రాగుటకు వ్యతిరేకంగా సిగరెట్టు ఆకారపు వాహనాన్ని, ఎయిడ్స్ నివారణకు కండోమ్ ఆకారపు వాహనాన్ని, రహదారి భద్రతకు హెల్మెట్ ఆకారపు కారును లోగడ తయారుచేశాడు.

నిర్మాణం

కరోనా కారులో ఒక్కరు మాత్రమే కూర్చొనగలరు. ఆరు చక్రాలు, 100 సీసీ ఇంజను, ఫైబరు తొడుగు దీని భాగాలు. గుండ్రని తొడుగుపై అన్ని వైపులకు ముళ్ళ వంటి కొమ్ములు పొడుచుకొని ఉంటాయి. తయారీకి పది రోజులు పట్టినది. గంటకు 40 కిలోమీటర్ల వేగం వరకు పోగలదు. హైదరాబాదు వీధిలో సుధాకర్ దీనిని నడుపుతున్న ఛాయాచిత్రాలను వార్తాసంస్థలు ప్రచురించాయి.

ఆకారం ఎక్కడిది?

గుండ్రని బంతి, చుట్టూ కొమ్ములు అన్న రూపం 2020 నాటికి బడిపిల్లలకు సైతం పరిచయమైనది. ఇందుకు ప్రధాన కారణం అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రానికి చెందిన చిత్రకారులు అలిస్సా ఎకర్ట్, డాన్ హిగిన్స్ ఆ ఏడాది జనవరిలో తయారుచేసిన చిత్రం. బూడిదరంగు గోళంపై ఎర్రని కొమ్ములున్న ఈ బొమ్మనే ప్రపంచమంతటా పత్రికలు వాడుకున్నాయి. కొమ్ములు నిజమే. అవి వైరసు మన కణాలకు అంటుకొనుటకు ఉపయోగపడే ప్రోటీన్లు. వాటి వరుస ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో కిరీటం వలె, సూర్యుని కరోనా వలె కనిపించుట చేతనే 1968లో ఈ కుటుంబానికి కరోనా వైరసులను పేరు పెట్టారు. ఎరుపు మాత్రం చిత్రకారుల ఎంపిక. వైరసు వ్యాసం సుమారు 100 నానోమీటర్లు, అనగా పదివేల వైరసులను వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు. ఇది కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం కన్నా తక్కువ. కాబట్టి మనం చూచే అర్థంలో దానికి రంగు లేదు. విద్యార్థులు ఈ సంగతి గమనించవలెను.

ఇతర ప్రయత్నాలు

ఇదే కాలంలో చెన్నైలో గౌతమ్ అనే చిత్రకారుడు వైరసు ఆకారపు హెల్మెట్ తయారుచేయగా, పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకరు దానిని ధరించి రోడ్డుపై వాహనాలను ఆపి నచ్చజెప్పాడు. అప్పటి కర్నూలు జిల్లా ప్యాపిలిలో ఒక సబ్ ఇన్‌స్పెక్టరు వైరసు బొమ్మలు చిత్రించిన తెల్ల గుర్రంపై ఊరిలో తిరిగాడు.

భాషతో పనిలేని బొమ్మ

ఇటువంటి ప్రచారానికి అక్షరాలు అవసరం లేదు. హైదరాబాదుకు వాయవ్యంగా పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు విస్తరించిన పారిశ్రామిక ప్రాంతాన్ని చూస్తే దీని విలువ తెలుస్తుంది. అక్కడి కర్మాగారాలలోను, కట్టడాలలోను ఇతర రాష్ట్రాల కూలీలు పెద్దసంఖ్యలో పనిచేస్తారు. తెలుగులో వ్రాసిన గోడపత్రిక వారిలో చాలామందికి పనికిరాదు. 2020 మే 1న లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో తొలి శ్రామిక ప్రత్యేక రైలు సుమారు 1,200 మందితో బయలుదేరినది. వారిలో అనేకులు సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ ప్రాంగణంలో కట్టడపు పని చేసినవారే. ఇంట్లో ఉండమన్న మాట వారికి అర్థం కాక కాదు. పనీ కూలీ ఆగిన చోట, సొంత ఇల్లు లేని చోట, ఆ మాటను పాటించుట ఎట్లన్నదే వారి సమస్య. దానికి ఏ బొమ్మా సమాధానం చెప్పలేదు.

పరిమితులు

కరోనా కారు ప్రమాదమున్నదని చెప్పగలదు. ఏమి చేయవలెనో చెప్పలేదు. చేతులు ఎట్లు కడుగవలెను, మాస్కు ముక్కును కూడా ఎందుకు కప్పవలెను, లక్షణాలు లేని వారి నుండి సైతం వ్యాధి ఎట్లు సోకును వంటి విషయాలకు వరుస బొమ్మలు కావలెను. న్యూజీలాండులో సూక్ష్మజీవ శాస్త్రవేత్త సూజీ వైల్స్, చిత్రకారుడు టోబీ మోరిస్ కలిసి 2020 మార్చి నుండి చేసినది ఈ రెండవ తరహా పని. ఒక్కరు ఆగిపోతే వ్యాధి గొలుసు ఎక్కడ తెగునో కదిలే చిన్న బొమ్మలలో చూపారు. వాటిని ఎవరైనా తమ భాషలోకి మార్చుకొనుటకు వీలుగా స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు.