మాస్తి మనకూ కావలసినవాడే

కావేరి గొడవ వచ్చిందంటే టీవీ కెమెరాలన్నీ కర్ణాటక-తమిళనాడు సరిహద్దులోని మా అత్తిబెలె గేటు దగ్గరే దిగుతాయి. బస్సులు ఆగిపోతాయి, జనం హోసూరుకు నడిచిపోతారు. నాలుగు రోజులకు అంతా సర్దుకుంటుంది. అదే గేటు పక్క హోటల్లో సప్లయరు మా దగ్గర తెలుగులో ఆర్డరు తీసుకుని, వంటింట్లోకి తమిళంలో కేకేసి, బిల్లు కన్నడంలో రాసిస్తాడు. మూడు భాషలు కలిసిన మా మొరసునాడు ప్రాంతమంటే ఇదే.

ఈ నేలకే చెందిన మాలూరు తాలూకాలో 1891 జూన్ 6న మాస్తి వెంకటేశ అయ్యంగార్ పుట్టాడు. ఇంట్లో తమిళం, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, రాత మాత్రం కన్నడం. మద్రాసులో ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, 1914లో మైసూరు సంస్థానం కొలువులో చేరాడు. ‘శ్రీనివాస’ పేరుతో రాసిన కథలు ఆయన్ను కన్నడ చిన్న కథకు పెద్దదిక్కును చేశాయి. కవిగా ‘నవరాత్రి’ కథాకావ్యాలు, ‘శ్రీరామ పట్టాభిషేక’ రాశాడు. తనకన్నా చిన్నవాణ్ణి పై పదవిలో కూర్చోబెట్టారని 1943లో ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత ‘జీవన’ పత్రికను ఏళ్ల తరబడి నడిపాడు.

ఆయన పెద్ద నవలలు రెండూ కూలిన రాజ్యాల కథలే. ‘చెన్నబసవనాయక’ హైదరాలీ చేజిక్కిన బిదనూరుది. ‘చికవీర రాజేంద్ర’ 1834లో ఇంగ్లీషువాళ్లు గద్దె దించిన కొడగు రాజుది. శత్రువు కోట గుమ్మం తొక్కేలోపే రాజ్యం లోపల్లోపలే పుచ్చిపోవడం ఎలాగో ‘చికవీర రాజేంద్ర’లో ఓపిగ్గా చూపిస్తాడు. దివాణం లోగుట్టు ఎరిగిన అధికారి రాత అది. 1968లో కథలకు సాహిత్య అకాడెమీ బహుమతి, 1983కు జ్ఞానపీఠం వచ్చాయి. 1986లో సరిగ్గా పుట్టినరోజు నాడే కన్నుమూశాడు.

‘మాస్తి కన్నడద ఆస్తి’ అని కన్నడిగులు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. ఇంటి భాష వేరైనవాణ్ణి అంతగా తమవాణ్ణి చేసుకున్నారు. గేటు దగ్గర అరిచేవాళ్లు, ఏ భాషవాళ్లయినా, ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

మన తెలుగిళ్ల పిల్లలు బళ్లో కన్నడం ఎలాగూ నేర్చుకుంటున్నారు. ఈ సెలవుల్లో వాళ్ల చేతికి ‘సుబ్బణ్ణ’ ఇవ్వండి. చిన్న పుస్తకం, ఒక సంగీతగాడి బతుకు. అది నచ్చితే మిగతావి వాళ్లే వెతుక్కుంటారు.