ఫర్ లూప్ వద్దన్న మనిషి: ఏపీఎల్ కథ

చిన్న లెక్కతో మొదలెడదాం. క్లాసులో 60 మంది. అందరికీ 5 గ్రేస్ మార్కులు కలపాలి. బీటెక్ ఫస్టియర్‌లో సీ నేర్చుకున్నప్పుడు ఏం చేశాం? ఫర్ లూప్ పెట్టి ఒక్కొక్కరికీ కలుపుకుంటూ వెళ్లాం. అదే పైథాన్ నమ్‌పైలో 'మార్క్స్ ప్లస్ 5' అంటే చాలు, అందరికీ కలిసిపోతాయి. ఈ ఐడియా పైథాన్‌ది కాదు. దాని వయసు 60 ఏళ్లు దాటింది.

కెన్నెత్ ఐవర్సన్ కెనడాలో పుట్టారు. 1950ల్లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్తున్నారు. మామూలు లెక్కల గుర్తులతో కంప్యూటర్ పద్ధతులు వివరించడం కుదరక, సొంతంగా కొత్త గుర్తులు తయారుచేశారు. గమనించండి, అప్పటికది ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ కాదు. మనిషి మనిషికి అర్థమయ్యేలా చెప్పడానికి రాసుకున్నది, అంతే.

హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంట్ పోస్టు రాలేదు. 1960లో ఐబీఎంలో చేరారు. 1962లో 'ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అనే పుస్తకం వేశారు. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఏపీఎల్. 1966 నాటికి ఆ గుర్తులు ఐబీఎం సిస్టమ్ 360 మీద నిజంగానే రన్ అయ్యాయి.

అందులో లిస్టు ముందు ప్లస్, స్లాష్ పెడితే మొత్తం కూడిక వచ్చేస్తుంది. లూప్ లేదు. కానీ కొన్ని గుర్తులు మామూలు కీబోర్డులో ఉండవు. కోడ్ చదవడం కూడా కష్టమే. డైక్‌స్ట్రా లాంటి పెద్దాయన 1975లో ఏపీఎల్‌ని గట్టిగానే తిట్టారు. నాలుగేళ్లకు, 1979లో, ఐవర్సన్‌కి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అక్కడ ఆయన చెప్పింది ఒక్కటే: మనం వాడే గుర్తులే మన ఆలోచనకు పనిముట్లు.

ఏపీఎల్‌ని ఇవాళ వాడేవాళ్లు తక్కువ. ఐడియా మాత్రం పాకిపోయింది. 1990లో ఐవర్సనే రోజర్ హుయ్‌తో కలిసి జే లాంగ్వేజ్ తెచ్చారు, ఈసారి మామూలు కీబోర్డుతోనే. ఆర్థర్ విట్నీ చేసిన కే, ట్రేడింగ్ కంపెనీల్లోకి వెళ్లింది. పైథాన్‌లో 1995 నాటి న్యూమెరిక్, దాని తర్వాత 2006లో నమ్‌పై కూడా ఈ దారిలోనే వచ్చాయి. ఏఐ మోడల్స్‌లో వాడే టెన్సర్ లెక్కలదీ ఇదే పద్ధతి: మొత్తం డేటాకి ఒకే మాట చెప్పు.

అందుకే నమ్‌పైని షార్ట్‌కట్ అనుకుని బట్టీ పట్టకండి. "ఒక్కొక్కటిగా ఏం చెయ్యాలి?" అని కాకుండా "మొత్తానికి ఏం కావాలి?" అని అడగడం అలవాటు చేసుకోండి. మీ కోడ్‌లో ఏ లూప్ తీసేయొచ్చో వెతికి కామెంట్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.