కంటి అంచున మూలకణాల అన్వేషణ

కప్పకూ చేపకూ పిండదశ ముగిసిన తరువాత కూడా కన్ను పెరుగుతూనే ఉంటుంది. దేహంతోపాటు కనుగుడ్డు పెద్దదయ్యేకొద్దీ, దాని లోపలి గోడను పరచుకుని కాంతిని నాడీ సంకేతంగా మార్చే రెటీనా పొర తన అంచున కొత్త కణాలను చేర్చుకుంటూ పోతుంది. 1971లో స్ట్రాజ్నికీ, గేజ్ అనే పరిశోధకులు జెనోపస్ అనే ఆఫ్రికా కప్పకు రేడియోధార్మిక థైమిడిన్‌ను ఇచ్చి, కణవిభజన వేళ డీఎన్‌ఏలో కలిసిపోయే ఆ పదార్థం ఎక్కడ నిలిచిందో పరిశీలించి, మాను కాండంలో ఏటేటా చేరే వలయాల మాదిరిగా కొత్త కణాలు అంచు నుంచే చేరుతున్నాయని చూపారు. తాము తరగకుండా నిలుస్తూనే రకరకాల కణాలను పుట్టించగలిగే మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఆ అంచున ఉన్నాయన్నది దీని సారాంశం.

క్షీరదాల సంగతి వేరు. మనిషిలో రెటీనా నాడీకణాల తయారీ దాదాపుగా పుట్టుకకు ముందే ముగిసిపోతుంది. ఆ తరువాత రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి వ్యాధిలో కాంతిని పట్టే దండకణాలు నశిస్తే, వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. అందువల్ల క్షీరదాల కంటిలో కూడా ఎక్కడో ఒక మూల కప్ప అంచుకు వారసురాలైన కణం నిద్రాణంగా మిగిలి ఉంటుందా అన్న ప్రశ్న కేవలం శాస్త్ర కుతూహలంగా ఉండిపోలేదు. చూపు పోయినవారి ఆశ దానితో ముడిపడి ఉంది.

అయితే మూలకణాన్ని సూక్ష్మదర్శినిలో చూసి గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే దానికంటూ ప్రత్యేకమైన ఆకారం లేదు. ఆ లోటును పూరించేందుకు వచ్చిన సాధనమే జన్యు వ్యక్తీకరణ పరిశీలన. దేహంలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఒకే జన్యుసంపద ఉన్నా, ఏ కణంలోనైనా కొన్ని జన్యువులే పనిచేస్తాయి. పనిచేసే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ ప్రతి తయారవుతుంది, దాన్నిబట్టి ప్రోటీన్ తయారవుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏకు సరిగ్గా అతుక్కునే జంట పోగును తయారుచేసి, దానికి రంగునిచ్చే గుర్తును తగిలించి, పలుచగా కోసిన కణజాలం మీద వేస్తే, ఏ జన్యువు ఎక్కడ మేల్కొని ఉందో కళ్లకు కడుతుంది.

ఈ పద్ధతి ఎంత ఫలవంతమో 1998లో పెరోన్, హారిస్ తదితరులు జెనోపస్ కంటి అంచు మీద చేసిన పరిశోధన తెలియజేసింది. అంచు కొస నుంచి లోపలికి వచ్చేకొద్దీ జన్యువులు ఒక క్రమంలో మేల్కొంటున్నాయని, ఆ క్రమాన్నిబట్టి అంచును నాలుగు మండలాలుగా విడదీయవచ్చని వారు గుర్తించారు. కొసన, మూలకణాలు ఉండే చోట, కంటి నిర్మాణానికి తొలి ఆజ్ఞ ఇచ్చే పాక్స్6 వంటి జన్యువులు కనిపిస్తే, నాడీకణంగా మారేందుకు పురిగొల్పేవి ఇంకా లోపల కనిపించాయి. పిండంలో కాలక్రమంలో జరిగినదంతా ఇక్కడ స్థలక్రమంలో పక్కపక్కనే పరచి ఉందన్న మాట. రెటీనా పరిశోధన చరిత్రలో ఇంత అందమైన ఫలితాలు అరుదు.

2000లో ఆశ ఒక్కసారిగా బలపడింది. టొరంటోలో వాన్ డెర్ కూయ్ బృందం, ట్రోపెపె ప్రధాన రచయితగా, ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద ఎలుక కంటిలో రెటీనా అంచుకు ఆవలి సీలియరీ పట్టీ నుంచి తీసిన ఒక్కొక్క నల్లరంగు కణం పాత్రలో విభజన చెంది గోళాకారపు గుంపులుగా పెరిగిందని, ఆ గుంపుల నుంచి దండకణాలు, బైపోలార్ నాడీకణాలు, ముల్లర్ గ్లియా కణాలు పుట్టాయని పేర్కొంది. 2004లో అదే ప్రయోగశాల నుంచి కోల్స్ తదితరులు పసిపాపల నుంచి ఏడో దశకంలో ఉన్నవారి వరకు మనుషుల కళ్లలో సైతం, సుమారు 500 కణాలకు ఒకటి చొప్పున, అటువంటివి ఉన్నాయన్నారు. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కాలిన కార్నియాకు వాడే మూలకణాలతో పరిచయం ఉన్న తెలుగు పాఠకుడు వీటిని వాటితో కలపరాదు. అవి కార్నియా అంచున ఉండి పైపొరను పుట్టించేవి, రెటీనాకు వాటితో సంబంధం లేదు.

ఆ గోళాల కణాలు మూలకణాలే అన్న నిర్ణయం చాలావరకు జన్యు గుర్తుల మీద, అంటే నాడీకణాలుగా మారబోయే పూర్వకణాల్లో కనిపించే నెస్టిన్ మీద, నాడీకణాల్లో కనిపించే కొన్ని ప్రోటీన్ల మీద ఆధారపడింది. బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. ఒక జన్యువు కొద్దిగా పలికినంత మాత్రాన కణం స్వభావం మారిపోదు. పైగా ఆర్‌ఎన్‌ఏ లేశమాత్రంగా ఉన్నా దాన్ని అనేక రెట్లు పెంచి చూపే పద్ధతుల్లో ఆ లేశానికీ నిజమైన మార్పుకూ తేడా తెలియకపోవచ్చు. 2009లో అమెరికాలోని మెంఫిస్‌లో డయర్ బృందం, సిసెరో ప్రధాన రచయితగా, అవే గోళాలను తిరిగి పరీక్షించింది. విభజన చెందుతున్న కణాలతో సహా గోళంలోని కణాలన్నీ రంగుతో, ఆకారంతో, జన్యు లక్షణాలతో పరిణతి చెందిన సీలియరీ కణాలేనని, వృద్ధి కారకాలు తగిలినప్పుడు తమకు చెందని నెస్టిన్‌ను తయారుచేస్తున్నాయని, నాడీకణ గుర్తులు స్వల్పంగా పలికినా పాత్రలో గానీ జీవిలో గానీ అవి రెటీనా నాడీకణాలుగా మారలేదని ఆ పరిశోధన తేల్చింది. విభజన, గోళం కట్టడం, పూర్వకణపు గుర్తులను చూపడం, ఈ మూడూ ఉన్న కణం మూలకణం కాకుండా ఉండవచ్చునన్న ఈ నిర్ధారణ ఆ రంగానికి చేదుగానే తగిలి ఉండాలి; కానీ చికిత్సను ఆశించే రోగుల పక్షాన చూస్తే, ఇది ఆలస్యంగానైనా రావలసిన మాటే.

అప్పటికే మరో అభ్యర్థి రంగంలో ఉంది. 1851లో హైన్రిక్ ముల్లర్ వర్ణించిన గ్లియా కణాలు రెటీనా మందాన్నంతటినీ నిలువుగా దాటుతూ నాడీకణాలకు ఆసరాగా ఉంటాయి. 2001లో ఫిషర్, రే కోడిపిల్ల రెటీనాను విషపదార్థంతో గాయపరిచినప్పుడు ఈ కణాలు తిరిగి విభజన చెందడమే కాక, పాక్స్6, సీహెచ్ఎక్స్10 వంటి పూర్వకణ జన్యువులను మళ్లీ వ్యక్తం చేశాయి. కొన్ని నాడీకణాలుగా మారగా, ఎక్కువ శాతం మారలేదు. జీబ్రాచేపలో ఇవే కణాలు నశించిన దండకణాలను కూడా తిరిగి నిర్మిస్తాయి, క్షీరదాల్లో మాత్రం ఆ పని చేయవు.

ఆ తేడాకు కారణం వెదకడానికి ఒకటి రెండు గుర్తు జన్యువులు చాలవని తేలాక, ఒక్కొక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏ సముదాయాన్నంతటినీ లెక్కించే పద్ధతి వచ్చింది. 2015లో మాకోస్కో తదితరులు ఎలుక రెటీనా నుంచి 44,808 కణాలను ఇలా చదివి 39 వర్గాలుగా విడదీశారు. 2020లో హోంగ్ తదితరులు జీబ్రాచేప, కోడి, ఎలుకల ముల్లర్ కణాలను పక్కపక్కన పెట్టి పోల్చారు. గాయం తగిలాక మూడింటిలోనూ అవి మొదట ప్రతిస్పందన దశలోకి ప్రవేశిస్తున్నాయి. చేపలో, కోడిలో కొన్ని అక్కడి నుంచి పూర్వకణ స్థితికి ముందుకు సాగుతుండగా, ఎలుకలో ఒక జన్యు సమూహం వాటిని మళ్లీ విశ్రాంత స్థితికి లాగుతోంది. ఆ సమూహంలోని ఎన్ఎఫ్ఐ కుటుంబపు జన్యువులను తొలగించినప్పుడు, గాయపడిన పెద్ద ఎలుకల రెటీనాలో కొన్ని ముల్లర్ కణాలు విభజన చెంది నాడీకణాలను పుట్టించాయి.