గాలికి సర్కారు ముద్ర

1973 జూన్ 8న అమెరికా ప్రభుత్వ గెజిట్ ‘ఫెడరల్ రిజిస్టర్’లో ఒక ప్రకటన వచ్చింది. గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ ఎంత ఉందో తేల్చడానికి రెండేళ్ల కిందట తాను దేశమంతటికీ ఖాయం చేసిన పద్ధతిని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, తానే రద్దు చేసుకుంది. ఆ పద్ధతి చెప్పే అంకెలు నమ్మదగ్గవి కావని తేలిపోయింది. అప్పటికే ఆ అంకెలను బట్టి ఎక్కడ గాలి చెడిపోయిందో జాబితాలు తయారయ్యాయి. రాష్ట్రాలు దిద్దుబాటు ప్రణాళికలు రాసుకుంటున్నాయి.

గాలి కాలుష్యం చరిత్ర రాసేవాళ్లు పొగగొట్టాల గురించి రాస్తారు, 1952 నాటి లండన్ పొగమంచు గురించి రాస్తారు. కొలిచే పరికరానికి ప్రభుత్వం ఆమోదం ఇవ్వడమనే గుమాస్తా పని మీద ఎవరి చూపూ ఆగదు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. గాలిలో నిజంగా ఏముందన్నది ఒకటి, కోర్టులో నిలబడే అంకె ఏదన్నది ఇంకొకటి. ఈ రెండోదాన్ని యంత్రమూ గెజిట్టూ కలిసి తయారుచేస్తాయి.

యంత్రాలు రాకముందు ఈ పని ఒక అట్టముక్క చేసేది. 1888లో పారిస్‌లో మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరింగ్ ప్రొఫెసరు తెల్ల కాగితం మీద నల్ల గీతలతో గళ్లు గీశాడు. గీతలు లావయ్యేకొద్దీ నలుపు 20 శాతం, 40, 60, 80 అని పెరుగుతుంది. దాన్ని 50 అడుగుల దూరంలో నిలబెట్టి చూస్తే గీతలు కలిసిపోయి బూడిదరంగులా కనిపిస్తాయి. ఇన్‌స్పెక్టరు ఆ రంగును ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే పొగతో పోల్చి ఒకటో నంబరో, మూడో నంబరో రాసుకుంటాడు. 1897లో ఇది అమెరికా చేరింది. నగరాల పొగ చట్టాల్లోకీ ఎక్కింది. ఎండ ఎటు పడుతోంది, వెనక ఆకాశం ఎలా ఉంది, చూసేవాడి కళ్లెలా ఉన్నాయన్న ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. అయినా అందరూ ఒకే అట్ట పట్టుకున్నారు కాబట్టి జరిమానా వేయడానికి అది సరిపోయింది.

కంటికి కనిపించని వాయువుల దగ్గరికి వచ్చేసరికి అట్ట చాలదు. 1970లో అమెరికా ‘క్లీన్ ఎయిర్ యాక్ట్’ వచ్చింది. 1971 ఏప్రిల్ 30న ఈపీఏ తొలి జాతీయ ప్రమాణాలు ప్రకటించింది. నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఏడాది సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు పరిమితి. ఆ ప్రకటనకు అనుబంధాలు ఉన్నాయి. ఏ కాలుష్యాన్ని ఎలా కొలవాలో సీసాల సైజుతో సహా వాటిలో రాసిపెట్టారు. వాటినే రిఫరెన్స్ పద్ధతులన్నారు. సాధారణ పాఠకుడు తిప్పేసే ఆ పేజీల్లోనే చట్టం బలమంతా ఉంది. కొలత ఖాయం కాకపోతే పరిమితికి అర్థం లేదు.

నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఎంచుకున్నది 1958లో మోరిస్ జేకబ్స్, సీమోర్ హోక్‌హైజర్ ప్రచురించిన పద్ధతి. చేతికి తేలిక, ఖర్చు తక్కువ. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసిన సీసాలోకి 24 గంటలపాటు గాలిని బుడగలుగా పంపుతారు. వాయువు నీటిలో నైట్రైట్‌గా మారి నిలుస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ అడ్డురాకుండా కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. ఆపైన సల్ఫనిలమైడ్ లాంటి రసాయనాలు వేస్తే ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే వాయువు అంత ఎక్కువ.

అయితే గాలిలోని వాయువంతా సీసాలో చిక్కదు. ఎంత చిక్కుతుంది? నూటికి 35 పాళ్లు అనుకున్నారు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎంత గాఢతలోనైనా 35. వచ్చిన అంకెను ఆ లెక్కన పెంచి రాసుకునేవారు. చిక్కు అక్కడే వచ్చింది. వాయువు పలచగా ఉన్నప్పుడు సీసా అంతకంటే చాలా ఎక్కువ పట్టుకుంటోంది, చిక్కగా ఉన్నప్పుడు చాలా తక్కువ పట్టుకుంటోంది. అంటే శుభ్రమైన ఊరిని మురికిగానూ, మురికి ఊరిని కాస్త శుభ్రంగానూ చూపించే కొలత ఇది. పైగా నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఉంటే రీడింగ్ ఇంకా పెరిగేది. 1972 నాటికి ఈపీఏ శాస్త్రవేత్తలే ఈ లోపాలను కాగితం మీద పెట్టారు. కొత్త పద్ధతులతో మళ్లీ కొలిచి చూస్తే, గాలి చెడిందని ముందువరసలో పెట్టిన ప్రాంతాల్లో చాలావాటికి ఆ పేరు తగదని తేలింది. కార్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను 90 శాతం తగ్గించాలని చట్టం పెట్టిన గడువు మీద వాదన నడిచినప్పుడు ఈ కొలత గందరగోళమూ అందులోకి వచ్చింది. కార్ల కంపెనీలు ఇలాంటి అవకాశం వదులుకుంటాయా?

ఇందులో ఇంకా ఇబ్బందికరమైన మలుపు ఒకటుంది. 100 మైక్రోగ్రాముల పరిమితి ఎక్కడి నుంచి వచ్చింది? టెనెస్సీ రాష్ట్రంలోని చాటనూగా ఊళ్లో టీఎన్‌టీ పేలుడు పదార్థాల కర్మాగారం ఉండేది. దాని చుట్టుపక్కల బడిపిల్లల ఊపిరితిత్తుల పనితీరు, వాళ్ల కుటుంబాల్లో జలుబు దగ్గుల లెక్కలు తీసి కార్ల్ షై బృందం 1970లో ప్రచురించింది. ప్రమాణానికి ఆ అధ్యయనం ముఖ్యమైన ఆధారం. ఆ ఊళ్లో గాలిని కొలిచిందీ జేకబ్స్–హోక్‌హైజర్ సీసాలతోనే. పద్ధతి రద్దయింది, అధ్యయనంలోని అంకెలు సందేహంలో పడ్డాయి, పరిమితి మాత్రం నిలిచింది. తర్వాతి దశాబ్దాల్లో వేరే ఆరోగ్య పరిశోధనల వెలుగులో సమీక్ష మీద సమీక్ష జరిగినా అమెరికాలో ఏడాది సగటు పరిమితి ఇవాళ్టికీ దాదాపు అదే.

దెబ్బ తిన్నాక ఈపీఏ ఆమోదానికి ఒక తంతు ఏర్పరిచింది. 1975 ఫిబ్రవరిలో వచ్చిన ‘పార్ట్ 53’ నిబంధనలే ఆ తంతు. కంపెనీ తన యంత్రాన్ని తెచ్చి పరీక్షలకు నిలబెట్టాలి. గాలిలో ఏమీ లేనప్పుడు సూది సున్నా దగ్గరే ఉంటోందా, రోజులు గడిచేకొద్దీ పక్కకు జరుగుతోందా, వేరే వాయువు తగిలితే మోసపోతోందా, కొత్త గాలి వచ్చినప్పుడు ఎన్ని నిమిషాలకు తెలుసుకుంటోంది అన్నీ చూస్తారు. నెగ్గిన యంత్రాల్లో కొన్నిటికి రిఫరెన్స్ హోదా, కొన్నిటికి దానికి సమానమన్న ‘ఈక్వివలెంట్’ హోదా, ఒక నంబరు, గెజిట్‌లో ప్రకటన. నంబరు చూసి పుట్టుక చెప్పొచ్చు. సన్న ధూళిని గంట గంటకూ కొలిచే బామ్ యంత్రం నంబరు ఈక్యూపీఎం-0308-170. అంటే 2008 మార్చిలో ఆమోదం, వరసలో 170వది.

నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఖాళీ అయిన రిఫరెన్స్ కుర్చీ 1976 డిసెంబర్‌లో కెమిల్యూమినిసెన్స్ యంత్రానికి దక్కింది. నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో కలిస్తే మసక వెలుగు పుడుతుంది. ఆ వెలుగును కొలుస్తారు. డయాక్సైడ్‌ను ముందు వేడి మాలిబ్డినం మీదుగా పంపి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తారు. మార్చినప్పటి రీడింగ్‌లోంచి మార్చనప్పటిది తీసేస్తే డయాక్సైడ్ తేలుతుంది. మరి ఆ మాలిబ్డినం నైట్రిక్ ఆమ్లాన్నీ, ఇంకొన్ని నైట్రోజన్ పదార్థాలనూ కూడా మార్చేసి లెక్కలో కలిపేస్తుంది కదా? కలిపేస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసే ఆమోదించారు. సర్కారు ముద్రంటే ఇది తప్పులేని యంత్రమని కాదు. దీని తప్పు ఎంతో మాకు తెలుసు, అందరం ఈ ఒక్క తప్పుతోనే కొలుద్దామని.

మన ల్యాబుల్లో 0.82

అమెరికా కొట్టేసిన సీసా మన దేశంలో బతికే ఉందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కొంచెం మందు మార్చుకుని వచ్చింది. ద్రావణంలో సోడియం ఆర్సెనైట్ కలిపితే వాయువు చిక్కే పాలు 82 శాతం దగ్గర స్థిరపడుతుందని పరిశోధకులు కనుక్కున్నారు. ఈ సవరించిన రూపాన్ని ఈపీఏ కూడా 1977 డిసెంబర్‌లో ఈక్వివలెంట్‌గా ఒప్పుకుంది. 2009 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణాలు తీసి చూడండి. నైట్రోజన్ డయాక్సైడ్ ఎదురుగా రెండు పద్ధతులు కనిపిస్తాయి: సవరించిన జేకబ్స్–హోక్‌హైజర్, కెమిల్యూమినిసెన్స్. మన కాలుష్య నియంత్రణ మండలి ల్యాబుల్లో కెమిస్టు లెక్క కట్టేటప్పుడు ఇప్పటికీ 0.82తో భాగిస్తాడు.

దాని పక్కనే సల్ఫర్ డయాక్సైడ్‌కు వెస్ట్–గేక్ పద్ధతి. 1956లో లూసియానాలో పుట్టినది. ఇందులో పాదరసం లవణం వాడతారు, అదెలాగూ విషం. మన వాతావరణానికి ముఖ్యమైన సంగతి వేరే ఉంది: ద్రావణంలో చిక్కిన సల్ఫర్ డయాక్సైడ్ వేడికి క్రమంగా తరిగిపోతుంది. శాంపిల్‌ను చల్లగా ఉంచకపోతే గాలి శుభ్రంగా ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. మే నెల విజయవాడ ఎండలో ఈ సీసాలు ల్యాబుకు చేరేదాకా ఐస్ కరగకుండా చూసుకునే ఫీల్డ్ అసిస్టెంటు చేతిలో ఉంటుంది ఆ రోజు అంకె.

మన జాతీయ పర్యవేక్షణ కార్యక్రమం 1984లో ఆగ్రా, అన్‌పరాల్లో ఏడు కేంద్రాలతో మొదలైంది. వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు కొలవాలి. వాయువులకు నాలుగు గంటలకోసారి సీసా మార్చాలి, ధూళికి ఎనిమిది గంటలకోసారి ఫిల్టర్ మార్చాలి. రాత్రి రెండింటికి డాబా ఎక్కి సీసా మార్చే మనిషి గురించి ఏ గెజిట్టూ రాయదు. ఇప్పుడు హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పాశమైలారం లాంటి చోట్ల, విశాఖలో, అమరావతి సచివాలయం దగ్గర, తిరుమల కొండ మీద రాత్రింబవళ్లు వాటంతటవే కొలిచే కేంద్రాలున్నాయి. పాత పద్ధతి పోలేదు, దాని పక్కన కొత్తది నడుస్తోంది.

ధూళికి రాయి లేదు

వాయువులకైతే ఇంత అని తెలిసిన వాయువు నింపిన సిలిండరు తెచ్చి యంత్రానికి పరీక్ష పెట్టొచ్చు. ధూళికి ఆ దారి లేదు. కిరాణా కొట్టు త్రాసు సరిగా ఉందో లేదో చూడటానికి తూనికలు కొలతల శాఖ దగ్గర ముద్ర వేసిన కిలో రాయి ఉంటుంది. సన్న ధూళికి, అంటే పీఎం 2.5కి, అలాంటి రాయి ఎక్కడా లేదు.

అందుకే 1997 జులైలో ఈపీఏ పీఎం 2.5 ప్రమాణం తెచ్చినప్పుడు యంత్రం నమూనానే చట్టంలోకి ఎక్కించింది. గాలి నిమిషానికి 16.67 లీటర్లు, అంటే గంటకు ఒక ఘనపు మీటరు లాగాలి. పెద్ద రేణువులను ఆపే భాగం పేరు విన్స్. 1996లో రూపొందింది కాబట్టి పేరులో ఆ ఏడూ ఇరుక్కుంది. అడుగున చిన్న గుంట, అందులో నూనె. లావు రేణువు వచ్చి తగిలి ఎగిరిపోకుండా నూనె అంటించుకుంటుంది. సన్నవి మలుపు తిరిగి టెఫ్లాన్ ఫిల్టర్ మీద చేరతాయి. ఆ ఫిల్టర్‌ను 20–23 డిగ్రీల వేడిలో, 30–40 శాతం తేమలో ఆరబెట్టి తూకం వేస్తారు. మన 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. రోజంతా లాగిన 24 ఘనపు మీటర్లలో అది ఒకటిన్నర మిల్లీగ్రాముకు కూడా రాదు.

తూకానికి ముందే ఫిల్టర్ మీది అమ్మోనియం నైట్రేట్‌లో కొంత ఆవిరైపోతుంది. అది మనం పీల్చాం, ఫిల్టర్ పీల్చలేదు. చట్టం దృష్టిలో లేనట్టే. గాలిని 50 డిగ్రీలకు వేడిచేసి కొలిచే టీఓమ్ యంత్రంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో ప్రభుత్వమే ఆ రీడింగ్‌ను 1.3తో గుణించుకోమని చెప్పిన కాలం ఉంది. మరోవైపు, టెలిడైన్ కంపెనీ టీ640 అనే యంత్రం రేణువుల మీద వెలుగు వేసి చెదిరే తీరును బట్టి లెక్క కడుతుంది. దానికి 2016లో ఈపీఏ ఆమోదం దొరికింది, అమెరికా అంతా వ్యాపించింది. ఫిల్టర్ తూకం కంటే ఎక్కువ చూపిస్తోందని రాష్ట్రాలు గోలపెట్టాయి. 2023లో సవరణ సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చి, మరుసటి ఏడాది పాత రికార్డుల్లోని అంకెలను కూడా ఈపీఏ దిద్దింది.

మన దగ్గర ఆటోమేటిక్ యంత్రాల టెండర్లలో చాలాకాలం ఈపీఏ ఆమోదం గానీ, జర్మనీ టీయూవీ లేదా బ్రిటన్ ఎంసర్ట్స్ సర్టిఫికెట్ గానీ అడిగేవారు. అవన్నీ అక్కడి గాలిలో పాసైన యంత్రాలు. ఢిల్లీ నవంబర్ ధూళి గానీ, విశాఖ సముద్రపు తేమ గానీ ఆ పరీక్ష పేపర్లో లేవు. 2019 ఆగస్టులో కేంద్రం యంత్రాలకు సర్టిఫికెట్ ఇచ్చే అధికారాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీకి అప్పగించింది. దేశానికి మీటరును, కిలోను, సెకనును కాపాడే సంస్థ అది. పర్యావరణ ప్రమాణాల ల్యాబుకు 2021 జనవరి 4న ప్రధాని శంకుస్థాపన చేశారు.

ఈ ముద్ర ఇప్పుడు డబ్బుతో ముడిపడిన వ్యవహారం. 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం కింద విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌తో సహా ఎన్నో నగరాలకు నిధులు గాలిలో పీఎం 10 ధూళి ఎంత తగ్గిందన్న లెక్కతో వస్తున్నాయి. హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో కూడా ధూళి కొలిచే యంత్రం ఉండేది. మన మండలి రీడింగ్‌ను దానితో పోల్చుకుని చూసుకునేవాళ్లు ఉండేవారు. 2025 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ ప్రపంచవ్యాప్తంగా తన రాయబార కార్యాలయాల అంకెలు పంచడం ఆపేసింది. ఇక మనకు మిగిలింది మన యంత్రాలూ, వాటికి ముద్ర వేసే మన ల్యాబూ. ఏ ధూళితో, ఎంత తేమలో, ఎన్ని నెలలు పరీక్షించి ఆ ముద్ర వేస్తున్నారో సర్టిఫికెట్‌తో పాటు జనం ముందు పెట్టమని అడగడం అత్యాశేమీ కాదు.