1962 తరువాత: యుద్ధాలు మార్చిన భారత రక్షణ ఉత్పత్తి

1962 అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయ సరిహద్దులో దాడికి దిగిన నాడు భారత జవాను చేతిలో ఉన్నది బోల్టు లాగి ఒక్కొక్క తూటా పేల్చవలసిన పాత .303 రైఫిలు. ఆయుధ కర్మాగారాలలో కాఫీ యంత్రాలు తయారు చేయించారన్న విమర్శను రక్షణమంత్రి కృష్ణమీనన్ అంతకుముందే ఎదుర్కొంటున్నారు. నెల తిరిగేసరికి ఆయన పదవిలో లేరు. నవంబరులో రక్షణ ఉత్పత్తికి ప్రత్యేక విభాగం ఏర్పడింది.

ఖర్చు పెరుగుదల అంతకంటే వేగంగా జరిగింది. 1961-62లో సుమారు 312 కోట్ల రూపాయలుగా ఉన్న రక్షణ వ్యయం 1963-64 నాటికి 816 కోట్లకు చేరింది. అయితే ఈ సొమ్మంతా యంత్రాలకే వెళ్లిందనుకోవడం పొరపాటు. సైన్యాన్ని 8,25,000 మందికి పెంచాలని, పది పర్వత డివిజన్లను నిలపాలని ప్రభుత్వం సంకల్పించింది. జీతాలు, పింఛన్లు యుద్ధం ముగిసినంత మాత్రాన ఆగేవి కావు. అందుకే ఆ వ్యయం మళ్లీ పాత స్థాయికి దిగిరాలేదు.

పరిశ్రమను ఎక్కువగా కదిలించినది 1965 యుద్ధం. అమెరికా, బ్రిటన్ ఉభయ పక్షాలకూ ఆయుధ సరఫరా నిలిపివేశాయి. విడిభాగం ఒక్కటి రాకపోయినా విమానం నేల విడవదన్న సంగతి అప్పుడు తెలిసివచ్చింది. అదే నవంబరులో, దిగుమతి చేసుకుంటున్న భాగాలను దేశంలోని ప్రైవేటు కర్మాగారాలలో చేయించేందుకు రక్షణ సరఫరాల విభాగాన్ని నెలకొల్పారు.

అన్నింటికీ యుద్ధమే కారణం కాదు. మిగ్-21 తయారీపై సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చైనా దాడికి ముందే, 1962 ఆగస్టులో కుదిరింది. విమాన దేహం నాసిక్‌కు, ఇంజను కోరాపుట్‌కు, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదుకు దక్కాయి. 1970లో ట్యాంకు విధ్వంసక క్షిపణుల కోసం భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాల కోసం మిధాని అదే నగరంలో వెలిశాయి. హైదరాబాదు రక్షణ పరిశ్రమల కేంద్రంగా ఎదగడానికి పునాది అక్కడ పడింది.

ఇన్ని సంస్థలున్నా 1999లో కార్గిల్ పోరు మొదలైనప్పుడు మందుగుండు కోసం హడావుడిగా విదేశాలకు ఆర్డర్లు ఇవ్వవలసివచ్చింది. ఆ సరుకులో అత్యధిక భాగం పోరాటం ముగిశాకే చేరిందని కాగ్ తన నివేదికలో ఎత్తిచూపింది. 2001లో ప్రభుత్వం రక్షణ ఉత్పత్తిని ప్రైవేటు రంగానికి పూర్తిగా తెరిచి, విదేశీ పెట్టుబడికి 26 శాతం వరకు అనుమతి ఇచ్చింది.