పగ్గం బిగిస్తే, పగ్గం వదిలితే: సోరియాసిస్, మెలనోమా చరిత్రలో కెనడా

యాభై ఏళ్ల కిందటి వైద్యగ్రంథాల్లో సోరియాసిస్, మెలనోమా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అధ్యాయాలు. సోరియాసిస్ సాధారణంగా ప్రాణం తీయదు, అలాగని సులువుగా వదలదు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో పొలుసులు కట్టి, మనిషి నలుగురిలోకి వెళ్లడానికి జంకేటట్టు చేస్తుంది. మెలనోమా చూడడానికి పుట్టుమచ్చలా ఉంటుంది, ఆలస్యంగా గుర్తిస్తే ప్రాణాంతకమైన కేన్సర్. ఈనాడు ఈ రెండు వ్యాధులనూ ఒకే దృష్టితో చూడడం సాధ్యమైంది. శరీరానికి కాపలా కాసే కణాలు అదుపు తప్పి విజృంభిస్తే సోరియాసిస్. అవే కణాలు దాడి చేయవలసిన చోట చేతులు ముడుచుకుని కూర్చుంటే మెలనోమాకు దారి సుగమమవుతుంది. ఈ అవగాహన కలగడంలో కెనడాలో పుట్టిన, కెనడాలో పనిచేసిన శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన పాత్ర ఉంది.

కథ చర్మపు పైపొరలో మొదలవుతుంది. 1868లో బెర్లిన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ అక్కడ కొమ్మలు చాచిన చెట్ల వంటి కణాలను చూశారు. ఆకారాన్ని బట్టి అవి నాడీకణాలై ఉంటాయని భావించారు. వాటి అసలు పని తెలియడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1943లో మాంట్రియాల్‌లో పుట్టి, షెర్‌బ్రూక్‌లో పెరిగి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న రాల్ఫ్ స్టైన్‌మన్ తరువాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1973లో జాన్‌విల్ కోన్‌తో కలిసి ఎలుకల ప్లీహంలో కొమ్మలు గల కొత్తరకం కణాలను గుర్తించి, వాటికి డెండ్రిటిక్ కణాలని పేరు పెట్టారు. లాంగర్‌హాన్స్ చూసిన చర్మకణాలు కూడా ఈ కుటుంబానికి చెందినవేనని 1985లో గెరోల్డ్ షూలర్‌తో కలిసి చేసిన ప్రయోగాలు బలపరచాయి. చొరబడిన సూక్ష్మజీవి ముక్కను పట్టుకుని, దగ్గరి లింఫ్ గ్రంథికి మోసుకువెళ్లి, అక్కడి టి-కణాలకు ఆనవాలు చూపించడం వీటి పని. ఊరి పొలిమేరలోని కావలివాడు దొంగ జాడను ఊళ్లోకి చేరవేయడం వంటిదే ఇది.

కావలివాడు చూపించిన ఆనవాలును టి-కణం ఎలా గుర్తు పడుతుందన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు టొరాంటోలో దొరికింది. చైనాలో పుట్టి, హాంకాంగ్‌లో పెరిగి, ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన టాక్ మాక్, 1984లో ఆంటారియో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో తన బృందంతో మానవ టి-కణ గ్రాహకపు జన్యువును వేరుచేశారు. అదే సమయంలో అమెరికాలో మార్క్ డేవిస్ బృందం ఎలుకల్లో అదే పని చేసింది. ఏళ్ల తరబడి ఎందరో వెదికినా చిక్కని గ్రాహకం అది. ఆ తరువాత టి-కణాల ప్రవర్తనను జన్యువుల స్థాయిలో పరిశీలించడం సాధ్యమైంది.

ఆ రోజుల్లో సోరియాసిస్‌ను చర్మకణాలు మితిమీరి విభజన చెందే వ్యాధిగానే చాలామంది ఎంచేవారు. నెలరోజుల్లో జరగవలసిన చర్మపు పునరుత్పత్తి ఈ వ్యాధిలో కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. కణవిభజనను అడ్డుకునే మందు పనిచేయడం ఆ ఊహకు ఊతమిచ్చింది. ఆ మందు వెనుక ఒక తెలుగువాడి కృషి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల రూపొందించిన అమినోప్టెరిన్‌ను 1951లో రిచర్డ్ గబ్నర్ కీళ్లవాతానికి వాడి చూస్తుండగా, సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గడం గమనించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ వ్యాధికి వాడుకలో ఉంది.

ఈ ఊహను మార్చినది కూడా ఒక యాదృచ్ఛిక పరిశీలనే. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా చూసే సైక్లోస్పోరిన్ ప్రధానంగా టి-కణాలను అణచే మందు. దానిని తీసుకున్న రోగుల్లో సోరియాసిస్ తగ్గిందని 1979లో వెల్లడైంది. అంటే చర్మకణాలను పరుగెత్తిస్తున్నవి టి-కణాలన్నమాట. ఆ టి-కణాలను రెచ్చగొట్టే సంకేతాలను చర్మంలోని డెండ్రిటిక్ కణాలు పంపుతాయని క్రమంగా తేలింది. వాటిలో ముఖ్యమైనది 2000లో వెలుగులోకి వచ్చిన ఇంటర్‌ల్యూకిన్-23. దానినీ, ఇంటర్‌ల్యూకిన్-12నూ కలిపి అడ్డుకునే ఉస్టెకినుమాబ్‌ను 1,230 మంది రోగుల మీద పరీక్షించిన ఒక అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. దాని ప్రథమ రచయిత ఆంటారియోలోని వాటర్లూకు చెందిన చర్మవైద్యుడు కిమ్ పాప్. 12వ వారానికి, మోతాదును బట్టి మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల మందిలో వ్యాధి తీవ్రత కనీసం 75 శాతం తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అంతటి మెరుగుదల 4 శాతం మందికైనా కనిపించలేదు. ఈ మందుకు కెనడా 2008 చివరలోనే అనుమతినిచ్చింది, అమెరికా 2009లో ఇచ్చింది.

సోరియాసిస్‌కు కావలసింది టి-కణాల పగ్గం బిగించడం. మెలనోమాకు కావలసింది ఆ పగ్గాన్ని వదలడం. అయితే అసలు పగ్గం ఏది? 1987లో ఫ్రాన్స్‌లో బయటపడిన సి.టి.ఎల్.ఎ-4 అనే అణువు టి-కణాన్ని ముందుకు తోలుతుందని కొందరు, వెనక్కి లాగుతుందని కొందరు వాదించుకునేవారు. 1995లో టాక్ మాక్ బృందం ఆ జన్యువు లేని ఎలుకలను సృష్టించింది. వాటి అవయవాల్లోకి టి-కణాలు గుంపులుగా చొచ్చుకుపోగా, అవి మూడు నాలుగు వారాల వయసులోనే చనిపోయాయి. బోస్టన్‌లోని మరొక బృందానికి కూడా అదే ఫలితం వచ్చింది. సి.టి.ఎల్.ఎ-4 పగ్గమేనన్న విషయం తేలిపోయింది. ఆ పగ్గాన్ని ప్రతిరక్షకంతో కాసేపు వదులు చేస్తే ఎలుకల్లో కేన్సర్ గడ్డలు కరిగిపోతాయని 1996లో జేమ్స్ ఆలిసన్ చూపించారు. ఈ ఆలోచన నుంచి పుట్టిన ఇపిలిముమాబ్ మెలనోమా చికిత్సకు 2011లో అమెరికాలో, 2012లో కెనడాలో అనుమతి పొందింది. అంతకుముందు శరీరమంతా వ్యాపించిన మెలనోమా రోగుల్లో ఎక్కువమంది ఏడాది గడవకుండానే మరణించేవారు. ఈ మందు తీసుకున్నవారిలో సుమారు అయిదింట ఒకరు మూడేళ్లు దాటి బతికారు. వారిలో చాలామంది పదేళ్ల వరకూ నిలిచారు.

పగ్గం రెండువైపులా పనిచేస్తుంది కాబట్టి ప్రతి చికిత్సకూ ఒక మూల్యం ఉంది. మెలనోమాకు టి-కణాలను వదిలిన రోగుల్లో దద్దుర్లు, పేగుల వాపు రావడం, పాత సోరియాసిస్ తిరగబెట్టడం వైద్యులకు తెలిసిన సంగతే. కొందరికి బొల్లి మచ్చలు వస్తాయి. మెలనోమా కణాలనూ, వాటికి మూలమైన రంగుకణాలనూ టి-కణాలు ఒకే శత్రువుగా చూడడం ఇందుకు కారణం. మరోవైపు మూత్రపిండం మార్పిడి చేయించుకుని ఏళ్ల తరబడి టి-కణాలను అణచే మందులు వాడేవారిలో చర్మ కేన్సర్లు ఎక్కువగా వస్తాయి. ఎండ కూడా ఇటువంటిదే. అతినీలలోహిత కిరణాలు చర్మంలోని రక్షణకణాలను మందగింపజేస్తాయి. కాంతిచికిత్సతో సోరియాసిస్ తగ్గడానికీ, ఎండలో మగ్గిన చర్మంలో కేన్సర్ తలెత్తడానికీ ఇది ఒక కారణం. ఆ కిరణాల తీవ్రతను రోజూ ప్రజలకు తెలిపే యు.వి. సూచికను 1992లో ప్రపంచంలో మొదట ప్రవేశపెట్టిన దేశం కూడా కెనడాయే.

ఈ చరిత్ర తెల్లచర్మం గలవారికే పరిమితమైనదని అనుకుంటే ప్రమాదం. గోధుమరంగు చర్మానికి మెలనోమా అరుదు. అయితే వచ్చినప్పుడు అది తరచు ఎండ తగలని అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. బొబ్బ అనో, దెబ్బ అనో, గోరుచుట్టు అనో అనుకుంటుండగా నెలలు గడిచిపోతాయి. సోరియాసిస్ కూడా ఈ చర్మం మీద పుస్తకాల్లోని బొమ్మల వలె ఎర్రగా ఉండదు. ముదురు గోధుమరంగులోనో, ఊదారంగులోనో ఉండి, తామర అన్న పేరుతో ఏళ్ల తరబడి లేపనాలకు గురవుతుంది. టొరాంటోలోనైనా, హైదరాబాదులోనైనా, మానని అరికాలి మచ్చను, గోటి కింద కొత్తగా ఏర్పడిన నల్లగీతను చర్మవైద్యునికి చూపించాలి. రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవారు ఆ సంగతిని ప్రతి వైద్యునికీ ముందుగా చెప్పాలి, ఏటా ఒకసారి ఒళ్లంతా పరీక్ష చేయించుకోవాలి. పగ్గం ఏ చేతిలో ఉందో తెలిసిన వైద్యుడు ఎంత బిగించాలో, ఎంత వదలాలో నిర్ణయించగలడు.