కొత్వాలు నుంచి ‘నేను సైతం’ దాకా

‘ప్రజలతో స్నేహం’ అన్నది ఇవాళ పోలీసు శాఖవారికి ప్రియమైన నినాదం. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ‘ఫ్రెండ్లీ పోలీసు’ అన్న మాట హైదరాబాదు నగరంలో మంత్రుల ఉపన్యాసాలలోను, అధికారుల ప్రకటనలలోను విరివిగా వినిపిస్తూ వచ్చింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో దీనినే ‘మైత్రి’ అన్నారు. స్నేహం వద్దని ఎవరూ అనరు. కాని స్నేహమనేది సమానుల మధ్య కుదిరే సంబంధం. ఒకరి చేతిలో లాఠీ, రెండవవారి చేతిలో వినతిపత్రం వున్నచోట ఆ సంబంధాన్ని స్నేహమని పిలవవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం నినాదంలో దొరకదు. చరిత్రలో వెతకాలి.

నగర రక్షణలో ప్రజలకు ఏదో ఒక పాత్ర ఇవ్వకుండా ఏ పాలకుడూ ఏ కాలంలోనూ నెట్టుకురాలేదు. ఆ పాత్ర ఎటువంటిదన్నదే అసలు విషయం. హైదరాబాదు చరిత్రను చూస్తే ప్రజలు పాలకులకు కళ్లుగా, చెవులుగా పనికివచ్చారు. చివరికి ఖజానాగా కూడా పనికివచ్చారు. లెక్క అడిగే హక్కు మాత్రం వారికి దక్కలేదు. ఆ హక్కు లేనంతవరకు మైత్రి పాలకులు దయతలచి ఇచ్చే బహుమానమే గాని ప్రజాస్వామిక సంబంధం కాజాలదని నా అభిప్రాయం.

‘కొత్వాలు’ అనే మాట ఫారసీ వేషంలో మనకు వచ్చినా దాని మూలం సంస్కృతంలోని ‘కోట్టపాల’ శబ్దమని పండితులు చెబుతారు. కోటను కాచేవాడని అర్థం. పదహారవ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ‘ఐనీ అక్బరీ’లో కొత్వాలు విధులు వివరంగా వున్నాయి. నగరంలోని ఇళ్లకు పట్టిక రాయాలి. నగరాన్ని మొహల్లాలుగా విభజించి ఒక్కొక్కదానికి ఒక పెద్దను నియమించాలి. ఇరుగుపొరుగువారు ఒకరికొకరు తోడుగా వుంటామని వారిచేత మాట తీసుకోవాలి. వచ్చేవారు పోయేవారు ఎవరో రోజూ తెలుసుకోవాలి. ఆ పెద్దకు తెలియకుండా వేరొక వేగువాణ్ణి కూడా పెట్టాలి. నేటి కమ్యూనిటీ పోలీసింగు పాఠాలలో చెప్పే అంశాలు చాలావరకు ఇందులోనే వున్నాయి. అయితే ఆ గ్రంథంలో మరొక నియమం కూడా వుంది: పోయిన సొత్తును కొత్వాలు పట్టి ఇవ్వాలి, లేదా ఆ నష్టానికి తానే జవాబుదారీ వహించాలి.

ఈ నియమం ఆచరణలో ఎంతమేరకు సాగిందన్నది వేరే సంగతి. భూస్వామ్య యుగాన్ని స్వర్ణయుగంగా చిత్రించే పొరపాటు మనం చెయ్యకూడదు. ఆ కొత్వాలు సుల్తానుకు సేవకుడే గాని నగర ప్రజలకు కాదు. అయినా ఆనాటి రాజనీతి సైతం రక్షకుడి మీద ఒక బాధ్యతను మోపింది. తరువాతి యుగాలలో మొహల్లా పట్టిక మిగిలింది, వేగువాడు మిగిలాడు. ఆ బాధ్యత మాత్రం కనుమరుగైంది.

1687లో గోల్కొండ మొగలాయీల వశమైంది. 1724 తరువాత ఆసఫ్‌జాహీల పాలన స్థిరపడింది. మొగలాయీ పాలనా పద్ధతులతోపాటు కొత్వాలీ కూడా వారికి వారసత్వంగా వచ్చింది. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు జిల్లాలకు పోలీసు శాఖను ఏర్పరిచినా రాజధాని నగరం మాత్రం కొత్వాలు చేతికిందనే వుండిపోయింది.

ఇదే కాలంలో బ్రిటిషు ఏలుబడిలోని తెలుగు జిల్లాలలో మరొక ధోరణి బలపడింది. పన్ను వసూలుకోసం రెవెన్యూ నౌకర్లు, పోలీసు నౌకర్లు రైతులను చిత్రహింసలు పెడుతున్నారని గగ్గోలు పుట్టగా మద్రాసులో విచారణ సంఘం వేశారు. ఆ హింస నిజమేనని 1855లో ఆ సంఘమే ఒప్పుకుంది. దాని ఫలితంగా 1859లో మద్రాసు పోలీసు చట్టం, ఆ వెనుక 1861లో అఖిల భారత పోలీసు చట్టం వచ్చాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1829లో రాబర్ట్ పీల్ లండను నగరానికి ఏర్పరిచిన పోలీసు సామాన్యంగా ఆయుధం లేకుండా వీధుల్లో తిరిగేవాడు. కాని వలస దేశానికి తెల్లదొరలు తెచ్చినది ఆ నమూనా కాదు, ఐర్లండులో తిరుగుబాటుదారులను అణచడానికి తయారుచేసిన నమూనా. బారకాసులు, తుపాకులు, పై అధికారికి మాత్రమే జవాబు చెప్పే క్రమశిక్షణ అందులో ముఖ్యాంశాలు. ఏ హింసను మాన్పిస్తామని ఆ చట్టాలు తెచ్చారో ఆ హింస ఠాణా నాలుగు గోడల మధ్యకు మారింది, అంతే.

నిజాం రాజ్యానికి తిరిగివస్తే, తెలుగువారు గౌరవంతో తలచుకునే కొత్వాలు ఒకరున్నారు. రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డిగారు 1920 నుంచి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేశారు. రెడ్డి హాస్టలు స్థాపనలోను, తెలంగాణలో విద్యావ్యాప్తిలోను వారి పాత్ర చిరస్మరణీయమైనది. సురవరం ప్రతాపరెడ్డిగారు వారి జీవితచరిత్ర రాశారు. కాని ఆ రోజుల్లోనే ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అనే 53వ నంబరు సర్క్యులరు ప్రజల నోరు కట్టివేసింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ఆంధ్రోద్యమ కార్యకర్తలు దీనితో పడిన ఇబ్బందులు తెలంగాణ చరిత్ర చదివినవారందరికీ తెలుసు. కొత్వాలు మంచివాడైనా కొత్వాలీ మంచిది కాలేదు. వ్యక్తి సౌజన్యం వ్యవస్థకు బదులు కాజాలదు. ‘ఫలానా అధికారి ప్రజలతో కలివిడిగా వుంటాడు’ అన్న మాట విని నేటికీ మనం సంతృప్తి పడుతుంటాం గనుక ఈ పాఠం జ్ఞాపకం వుంచుకోవాలి. ఆ అధికారి బదిలీ అయితే ఆయన కలివిడితనం కూడా ఆయన వెంటే పోతుంది.

ఫసలీ 1348లో, అంటే క్రీస్తుశకం 1938–39 ప్రాంతంలో, హైదరాబాదు నగర పోలీసు చట్టం వచ్చింది. సభలను, ఊరేగింపులను నియంత్రించే అధికారాలు, వీధిలో చిల్లర నేరాలకు శిక్షలు అందులో వున్నాయి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. సైన్యం చేసిన ఆ దాడికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. సైన్యం పనికి పోలీసు పేరు పెట్టడంలో ఇబ్బంది కనిపించలేదంటే, ఆ రెంటికీ తేడా ఎంతగా చెరిగిపోయిందో ఊహించుకోవచ్చు. నిజాం పోయాడు గాని ఆయన నాటి ఆ చట్టం పోలేదు. స్వతంత్ర భారతంలోను, ఈ శతాబ్దంలోను ఆ ఫసలీ చట్టం కిందనే నగరంలో చిల్లర కేసులు పెడుతూ వచ్చారు.

కొత్త ప్రభుత్వపు స్వభావం 1952 సెప్టెంబరులోనే బయటపడింది. ముల్కీ ఉద్యమంలో వీధికి వచ్చిన విద్యార్థుల మీద, జనం మీద సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ జరిపారు. అంతటితో ఒక ఆనవాయితీ ఏర్పడింది. ముందు కాల్పులు, తరువాత కమిషను, ఆ తరువాత మరపు.

ఈ ఆనవాయితీకి అత్యంత బాధాకరమైన నిదర్శనం 1978 మార్చి నాటిది. రాత్రివేళ భర్తతో కలిసి సినిమానుంచి వస్తున్న ఒక పేద ముస్లిం స్త్రీని నల్లకుంట ఠాణాకు తీసుకుపోయారు. ఆమెపై పోలీసులే అత్యాచారం చేశారు. అడ్డుపడిన భర్త, రిక్షా తొక్కి బతికే మనిషి, దెబ్బలకు చచ్చిపోయాడు. నగరం భగ్గుమంది. జనం ఠాణాను చుట్టుముట్టారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులుగా నిర్ధారించింది. కాని కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారి, అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. మధ్యలో విచారణకు గురైనది ఆ స్త్రీ నడవడి! అయినా ఆనాటి ఆందోళన వ్యర్థం కాలేదు. మహారాష్ట్రలోని మథుర కేసు తీర్పుపై రేగిన నిరసనతో కలిసి, 1983లో అత్యాచార చట్టాన్ని సవరించక తప్పని పరిస్థితిని అది కల్పించింది. ఠాణా ముందు నిలబడి ‘మా మనిషి ఏమయ్యాడు?’ అని అడిగిన ఆ జనమే ‘కమ్యూనిటీ’ అన్న మాటకు సరైన అర్థం. పోలీసు పరిభాషలో మాత్రం వారికి ‘అల్లరిమూక’ అని పేరు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పులలో మరికొందరు మరణించారు. ఆపైన పాతబస్తీ యువకులను పట్టుకుపోయి హింసించారు. వారికి ఆ పేలుడుతో సంబంధం లేదని తేలిన తరువాత ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. పోయిన సొత్తుకు కొత్వాలు జవాబుదారీ అన్నాడు అబుల్ ఫజల్. పోయిన యౌవనానికి జవాబుదారీ ఎవరు?

ఈ నేపథ్యంలో 2014 తరువాతి ‘స్నేహాన్ని’ పరిశీలించాలి. అందులో మేలు లేదనడం సత్యదూరం. ఆ ఏడాది అక్టోబరులో ప్రారంభమైన ‘షీ’ బృందాలవల్ల బస్సుస్టాపులలో, కాలేజీల వద్ద వేధింపులకు గురయ్యే ఆడపిల్లలకు ఫిర్యాదు చేసే దారి దొరికింది. మా విద్యార్థినులు కూడా ఆ మాట చెబుతారు. కాని అదే కాలంలో బస్తీలను తెల్లవారుజామున చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే ‘నిర్బంధ తనిఖీలు’ పెరిగాయి. ఇవి బస్తీలలో జరిగినట్టు బంజారాహిల్సు బంగళాలలో జరగలేదు. పాతబస్తీలో ‘ఆపరేషన్ చబూత్రా’ పేరుతో రాత్రివేళ అరుగులమీద కూర్చున్న యువకులను ఠాణాలకు తరలించారు. చబూత్రా అంటే అరుగు. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో కుర్రవాడికి అరుగే చావడి, అరుగే విశ్రాంతి గది. ఇరుగుపొరుగు ఒకచోట చేరి మాట్లాడుకునే స్థలాన్నే నేరస్థలంగా చూస్తూ, సమాజంతో మైత్రి చేస్తామనడంలోని వైరుధ్యం స్పష్టం.

ఇంకొక అంశం మన సాహిత్యానికి సంబంధించినది. ప్రజలు చందాలు వేసుకుని వీధుల్లో కెమేరాలు పెట్టించే పథకానికి పోలీసులు ‘నేను సైతం’ అని పేరు పెట్టారు. శ్రీశ్రీ ‘జయభేరి’నుంచి వచ్చిన మాటలవి. లోకాన్ని మార్చే పోరాటానికి తన వంతు అర్పించే మనిషి మాటలు అవి. ఇక్కడ వాటి అర్థం, నీ మీద నిఘాకు నీ వంతు రొక్కం ఇవ్వు అని! 2013లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన ప్రజాభద్రతా చట్టం, వందమందికి తక్కువ కాకుండా చేరే స్థలాలలో కెమేరాలు పెట్టడం నిర్బంధం చేసింది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్సులో ప్రారంభమైన పోలీసు కమాండు కేంద్రం ఆ దృశ్యాలన్నిటిని ఒకచోట చూడగల ఏర్పాటు. ముఖాలను యంత్రంచేత గుర్తింపజేయడానికి చట్టపరమైన ఆధారమేమిటని ఒక సామాజిక కార్యకర్త పిటిషను వేయగా 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. కెమేరా కొన్నది ప్రజలు, చూసేది పోలీసులు. వీధిలో ఎవరైనా దెబ్బలు తిన్ననాడు ఆ దృశ్యం మాకు చూపించండని అడిగే హక్కు మాత్రం కొన్నవారికి లేదు.

ఇక్కడ మనల్ని మనం కూడా విమర్శించుకోవాలి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర, అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. చదువుకున్నవారు మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని 2022లో వెల్లడైన నివేదికలో తేల్చి, పదిమంది పోలీసులపై విచారణ జరగాలన్నది. ఆ నేరం ఎంత ఘోరమైనదైనా, న్యాయస్థానం చెయ్యవలసిన పని తుపాకి చేసింది. పూలు చల్లినవారు ఆ రోజు పోలీసులతో పూర్తి మైత్రిలో వున్నారు. ప్రజల మెప్పు వేరు, ప్రజల అదుపు వేరు. మెప్పు ఎంత ఎక్కువైతే అదుపు అంత అనవసరమనిపిస్తుంది. నల్లకుంటలో లెక్క అడిగిన నగరమే నలభై ఏళ్లకు పూలు చల్లిందంటే, ఆ మార్పుకు బాధ్యత పోలీసులది మాత్రమే కాదు. మనం రాసిన రాతలకు, రాయని రాతలకు కూడా అందులో వాటా వుంది.

మరి వేరే మార్గం లేదా? వుంది. 1984లో మతకల్లోలాలతో తగలబడిన మహారాష్ట్ర పట్టణం భివండి నేతకార్మికుల పట్టణం. అక్కడ 1988 నుంచి సురేశ్ ఖోప్డే అనే పోలీసు అధికారి మొహల్లా కమిటీలు ఏర్పరిచాడు. వాటిలో పేరుమోసిన నాయకులను కాక రెండు మతాల సామాన్యులను తీసుకున్నాడు. వారు ఠాణావారితో ముఖాముఖి కూర్చుని నిలదీయగలిగారు. 1992 డిసెంబరులోను, 1993 జనవరిలోను పక్కనే వున్న బొంబాయి మండిపోతున్నా భివండి నిలబడింది. అది కూడా ఒక అధికారి చొరవతో పుట్టినదే, చట్టం దాన్ని స్థిరపరచలేదన్న లోపం వుంది. అయినా సామాన్యుడికి చెవులతోపాటు నోరు కూడా ఇస్తే ఏమి జరుగుతుందో అది చూపించింది.

చట్టపరమైన మార్గం కూడా చెప్పబడే వుంది. ప్రకాశ్‌సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు, పోలీసులపై ఫిర్యాదులను వినడానికి రాష్ట్ర స్థాయిలోను, జిల్లా స్థాయిలోను ప్రత్యేక సంస్థలు వుండాలని ఆదేశించింది. హైకోర్టు వెంటపడిన తరువాతగాని, 2021 దాకా, తెలంగాణలో వాటి నియామకం జరగలేదు. ఈ పదిహేనేళ్లలో కెమేరాలకు, కొత్త వాహనాలకు, కొత్త కమిషనరేట్లకు జాగు జరగలేదు. 2016లో జిల్లాల పునర్విభజనతో కమిషనరేట్లు అనేకం వెలిశాయి. కమిషనరేటు అంటే మేజిస్ట్రేటు చేతిలోని కొన్ని అధికారాలు పోలీసు చేతికి రావడం. స్నేహం పేరు చెప్పిన కాలంలోనే అధికారం ఒకచోట పోగుపడిందన్నమాట.

కాబట్టి అభ్యుదయవాదులు కోరవలసినది మరింత చిరునవ్వుగల ఠాణాను కాదు. ఠాణా పుస్తకాలు తెరిచి చూసే హక్కును, కెమేరా దృశ్యాన్ని అడిగే హక్కును, ఫిర్యాదుల సంస్థలో బస్తీవాసికి, మహిళకు, కార్మికుడికి స్థానాన్ని కోరాలి. ఆ హక్కులున్ననాడు స్నేహం దానంతట అదే వస్తుంది. అప్పుడు రాత్రి పది దాటాక అరుగుమీద కూర్చున్న కుర్రవాడు గస్తీకి వచ్చిన కానిస్టేబులును చూసి లేచి పరుగెత్తడు. జరిగి చోటిస్తాడు.